నూతి నీలవేణి వర్ణోద్ధరణము

అడయారు ఏరు గట్టు తెంచుకొని సైదాపేట గుడిసెల నెత్తిన గంతులు వేసి, బస్సులను పడవలుగాను పడవలను పల్లకీలుగాను మార్చిన ఆ మహాజలప్రళయమునకు పదకొండవ ఏట, ధాతృనామ సంవత్సర శ్రావణమాసమున, ఒక శుక్రవారము ఉదయము పది గంటలకు, చెన్నపట్టణపు వడపళనిలో ఒక ఫిల్ము ల్యాబు మేడమీద, కిటికీలు లేని చల్లని గదిలో, ఎరుపునకు యముడు, పచ్చకు పెన్నిధి, ముప్పది ఏండ్లు రెప్ప వేయక ఫిల్ముల రంగులు సరిచూచిన వర్ణవీరుడు, మైలాపూరు గోపాలస్వామి నాయుడు, జారిన కళ్లద్దములు పైకి నెట్టుకొని యుద్ధమునకు కూర్చుండెను.

ఎవరితో యుద్ధమందురా, గులాబిరంగుతో.

ఇరువది నాలుగేండ్ల క్రిందట ‘నూతి నీలవేణి’ అను దయ్యపు చిత్రము వచ్చెను. కాలు జారి నూతిలో పడిన పాలామె, నీళ్లు తోడ వచ్చిన వారిని ఒక్కొక్కరినే లోపలికి లాగుకొనును. అంతే కథ. తొలిసారి వారము ఆడలేదు. తరువాత ఉదయపు ఆటలకు కాలేజీ పిల్లలు ఎగబడి, తెరకన్న ముందు తామే డైలాగులు చెప్పి, నీలవేణి తల పైకి లేచినపుడు కర్పూరము వెలిగించి, దానిని తమ కులదైవమును చేసికొనిరి. దాని నెగటివు గోదాము చెమ్మకు కుళ్లెను. మిగిలిన ఒకే ఒక ప్రింటులో నీలము పారిపోయెను, పచ్చ పరారయ్యెను. ఆకాశము, గోడ, గేదె, దయ్యము, అన్నియు పుచ్చకాయ గుజ్జువలె గులాబిరంగున మునిగిపోయెను. నూతి ఘట్టము తప్ప తక్కిన ప్రింటంతయు టేపునకు ఎక్కినది; దానిని కూడ ఎక్కించి నాలుగు గంటలకు టీవీ వారికి పంపవలెను. ఆపైన రీళ్లు, ఫిల్ము కరగించి వెండి తీయు తొట్టిలో పడును. అనగా ఆ పూట నీలవేణికి ఏ రంగు పూసిన, యావచ్చంద్రార్కము అదే ఆమె రంగు. ఆనాడు ఆమెకు తొలిసారి రంగులు కూర్చినవాడు గోపాలస్వామియే. రంగుల పాళ్లు వ్రాసిన అప్పటి అంకెల చీటీని మాత్రము ఎలుకలు ఎప్పుడో ఆరగించినవి.

టేపునకెక్కించు యంత్రమున రంగులు మార్చు మూడు గోళములుండెను: చీకటికొకటి, నడిమి వెలుగుకొకటి, మెరుపుకొకటి. వాని ముందు సారథివలె కూర్చున్నవాడు సతీష్, హైదరాబాదు నుండి వచ్చి ఆరు నెలలైన ఇంజనీరు. అతడు గోళములు గిరగిర త్రిప్పి చేయి తీసెను. తెరమీద నూతిలోనుండి నీలవేణి లేచెను. బంగారు పసిమి, నునుపైన చెక్కిళ్లు. తలంటి పోసికొని పేరంటమునకు బయలుదేరిన ముత్తైదువవలె ఉండెను.

“స్కిన్ టోన్ చూడండి సార్, ఎంత బాగొచ్చిందో. మీటరులో మనిషి చర్మం ఏ గీత మీద ఉండాలో ఆ గీత మీదే ఉంది. మీటరు అబద్ధం చెప్పదు.”

ఆ క్షణమున గోపాలస్వామి హృదయకుహరమున సింహము లేచి ఇట్లు గర్జించెను: “ఓరీ గులాబీ, నిశాచరుల ముఖమునకు నవవధూకాంతి నద్దు నీచమా, భయమునకు పౌడరు పూయు ద్రోహీ, నా ఎదుట నిలువుము. నిన్ను పొరపొరగా ఒలిచి, నీ క్రింద దాగిన పచ్చను చెర విడిపింపకున్న, నేనీ కుర్చీలో కూర్చున్న ముప్పది ఏండ్లును వృథా.” ఇంత గర్జనలోను నోటినుండి బయటికి వచ్చినవి మూడే మాటలు.

“అది మనిషి కాదు.”

“మరి దయ్యానికి గీత ఎక్కడ గీయాలి సార్? మీటరు కంపెనీవాళ్లు ఇవ్వలేదే.”

అంతలో ఫోను మ్రోగెను. చిత్రమునకు హక్కుదారుడు సూర్యనారాయణ, టి. నగర్ నుండి. “గోపాలస్వామీ, దయ్యమైనా రవంత కళగా ఉండనీయప్పా. రేత్రి ఏడున్నరకి ఇంటిల్లిపాదీ చూస్తారు. మరీ పచ్చగా పెడితే టీవీ చెడిపోయిందనుకొని తలమీద కొడతారు.”

గోపాలస్వామి “ఊఁ” అనెను. ఫోను పెట్టెను. చెప్పులు తొడిగికొని మెట్లు దిగిపోయెను. పెద్దాయన అలిగినాడనుకొని సతీష్ టిఫిన్ డబ్బా విప్పెను.

అలుగుట కాదది, దండయాత్ర. ఆటోరథమెక్కి, గుంతల పద్మవ్యూహములు ఛేదించి, ఆ వీరుడు సాలిగ్రామమున ఒక ఇడ్లీ బండి ఎదుట దిగెను. ఆ బండి యజమానురాలు మునియక్క. నూరు చిత్రములలో గుంపులో నిలిచినది. ముఖము కనబడిన వేషము జీవితమున ఒక్కటే, అది నీలవేణి. ముక్కాలు గంటకు ఇద్దరును మేడ ఎక్కిరి. మునియక్క తెరను చూచెను.

“ఇది నేను కాదు సామీ,” అనెను. “నన్ను జూసి ఆ కాలంలో మా ఆయనే వారం దినాలు అన్నం తినలే. ఇది ఎవురో కల్యాణానికి పోతా ఉంది.”

“ఆ పొద్దు ఏం పూసినారు?”

“యతిరాజులు అన్న మేకప్పు పెట్టె రాలే, మరిచిపోయినారా. డైరెక్టరు తిడతా ఉంటే, అన్న వీధి మూల పెట్టికొట్టుకు పరిగెత్తి పసుపూ నీలిమందూ కొనుక్కొచ్చి కలిపి మొగానికి రుద్దినాడు. ఆ రంగు నాలుగు దినాలు పోలే. రక్తం ఆరతి నీళ్లే గదా, పసుపులో సున్నం. నాలుగు బిందెలు కలిపినారు. ఆమా, అదీ చెప్పల్నా మీకు?”

ఆ మాట వినగానే, గ్రహణము విడిచిన సూర్యునివలె, గోపాలస్వామి ముఖము వెలిగెను. చీటీని ఎలుకలు తినవచ్చును. పసుపులో సున్నము పడిన ఎరుపును ఏ ఎలుక తినగలదు? పెండ్లికొడుకు గడప దాటిన ప్రతి వాకిట, పురుడు పోసికొన్న ప్రతి ఇంట, తరతరములుగా మారని ఎరుపది.

క్యాంటీనులో పసుపు దొరికెను, వాచ్‌మన్ తాంబూలపు సంచిలో సున్నము దొరికెను, ధోబీ వద్ద నీలిమందు దొరికెను. స్టీలు పళ్లెమున ఆరతి నీళ్లు కలిపిరి. రెండవ పళ్లెము లేకపోగా మునియక్క పసుపూ నీలిమందూ అరచేత కలిపి, “ఇదో, ఈ చెంప జూసి రంగు పెట్టుకోండి” అని తన ఎడమ చెంపకే రుద్దికొని తెర ప్రక్కన కుర్చీ వేసికొని కూర్చుండెను. గోపాలస్వామి లేచి, పళ్లెము రెండు చేతుల పట్టి, నీలవేణి ముఖమునకెదురుగా నిలిచెను. దయ్యమునకు ఆరతి ఎత్తిన మానవుడు ముల్లోకములందును అంతకు మున్ను లేడు.

“దిష్టి తీస్తున్నారా సార్?” అనెను సతీష్.

“తిప్పు.”

మొదలయ్యెను సంగ్రామము. సతీష్ నడిమి గోళము త్రిప్పెను; తెరమీది నెత్తురు పళ్లెములోని నీటి రంగుతో కలిసెను గాని, ముఖము ఉడికిన పనసతొనయై చెడెను. వెనుకకు త్రిప్పెను, ముఖము మునియక్క చెంపతో కలిసెను గాని, నెత్తురు చింతపండు పులుసయ్యెను. పచ్చ ముందుకు దుమికిన ఎరుపు వెనుకకు కూలును. ఎరుపు నిలిచిన పచ్చ పారిపోవును. సున్నము అడుగునకు దిగుచుండగా గోపాలస్వామి వ్రేలితో కలుపుచు, “ఇంకొంచెం” “చాలు” “ఎక్కువైంది” అను మూడు బాణములనే మార్చి మార్చి ప్రయోగించుచుండెను. పన్నెండయ్యెను. రెండయ్యెను. మూడున్నర అయ్యెను. సతీష్ చొక్కా ఏసీలోను తడిసెను. క్రింద టేపు తీసికొనిపోవు మోటారుసైకిలు వచ్చి హారను మ్రోగించెను.

“పెద్దాయనా, రెండూ ఒకేసారి కుదరవు. ఒకటి వదిలేద్దాం,” అనెను సతీష్. “నెత్తురు వదిలేద్దామా, మొహమా?”

గోపాలస్వామి పళ్లెము ఇంకొకసారి వ్రేలితో కలిపెను.

మునియక్క ముక్కు చిట్లించి తెరలోనికి వంగెను. “అది సరి. ఆ నీళ్లేంది రోజా రంగుగా ఉండాయి? నల్లంగా గదా ఉండె. నేను ఆడ నిలబడుకుంటే నా కాళ్లు నాకే కనబడలే.”

అప్పుడు కనబడెను శత్రువు దాగిన దుర్గము. పగలెల్ల ముఖముమీదను నెత్తురుమీదను బాణములు వేసిరి గాని, గులాబి మహాసురుడు నూతి చీకటిలో, నీటి అడుగున మునిగి కూర్చుండి, అక్కడినుండి అందరినీ అంటించుచుండెను.

“చీకటి గోళం,” అనెను గోపాలస్వామి, శత్రువును ల్యాబు పేరుతో పిలుచుచు. “మజెంటా. ఒక్క మెట్టు.”

“ఒక్క మెట్టుతో ఏమవుతుంది సార్?”

“తియ్యి.”

సతీష్ చూపుడు వ్రేలితో గోళమును నువ్వుగింజంత కదిపెను. నూతినీరు నల్లబడెను. నలుపు నిలిచినంతనే, దానిమీద నెత్తురు ఆరతియై ఎఱ్ఱగా, ముఖము విషమై పచ్చగా, దేని చోట అది నిలిచెను. పళ్లెము చూచిరి, చెంప చూచిరి, తెర చూచిరి. మూడును ఒకటే. సతీష్ మీటరు వైపు చూడనే లేదు.

అదే సమయమున తలుపు తోసికొని సూర్యనారాయణ వచ్చెను. పసుపు నీలము పూసికొన్న మునియక్కను చూచి పకపక నవ్వి, “ఏందక్కా, మళ్లీ వేషం కట్టినావా” అనుచు కుర్చీలో కూలబడి తెరవైపు తిరిగెను. నీలవేణి నూతిలోనుండి మెల్లగా తల ఎత్తి ఆయననే చూచెను. నవ్వు ఆగెను. సూర్యనారాయణ రెండు కాళ్లును నేలమీదినుండి తీసి కుర్చీ పైకి పెట్టుకొనెను.

“కళగా ఉందా?” అనెను గోపాలస్వామి.

“పంపించెయ్,” అనెను సూర్యనారాయణ, కాళ్లు దించకయే.

మునియక్క కొంగు నోటికి అడ్డము పెట్టుకొని ఉండెను. “ఇది నేనే,” అనెను.

కావున దశదిశలును వినుగాక, దిక్పాలురు వ్రాసికొందురు గాక: చెన్నపట్టణమున, వడపళని క్షేత్రమున, ఆరు గంటల ఘోరసమరానంతరము, మజెంటా అను మహాసురుడు ఒక్క మెట్టు దిగెను. ఆ సాయంకాలము ఏడున్నరకు నగరమున గల టీవీలన్నిటిలో నీలవేణి తన సొంత రంగుతో లేచెను.

మరునాడు తెల్లవారి మైలాపూరులో, గోపాలస్వామి కాపురమున్న తొమ్మిది వాటాల ఇంటి పెరట్లో, ఆడవారును మగవారును బిందెలు పట్టుకొని బావికి పది అడుగుల దూరమున వరుసగా నిలిచియుండిరి. ఒక్కరును ముందుకు పోరు. ఆయన భార్య మంగళ వచ్చి చేద ఆయన చేతికిచ్చెను.

“నిన్నటి బొమ్మ చూసినాక ఎవరూ బాయికాడికి రామంటా ఉండారు. మీరు చేసిన పని గదా, మీరే తోడండి.”

గోపాలస్వామి పంచె ఎగ్గట్టి, బావిలోనికి ఒకసారి తొంగి చూచి, తొమ్మిది ఇండ్లకును నీళ్లు తోడెను.