షిరనామి నాలుగో గోరు

సోమవారం పొద్దున్న ఇజుమి అనుకున్నది చాలా చిన్న పని. స్టేషన్ కొట్లో ఆ వారం బొమ్మల కథల పత్రిక కొనుక్కుని, రైల్లో తిరగేసుకుంటూ నెరిమాలో గురువుగారి స్టూడియోకి వెళ్ళి, మధ్యాహ్నం దాకా డ్రాగన్ పొలుసులు గీసుకోవడం.

ప్లాట్‌ఫాం మీదే పత్రిక తెరిచింది. మబ్బులు చీల్చుకుంటూ ఎగురుతున్న డ్రాగన్ షిరనామి ముందు కాలికి నాలుగు గోళ్ళున్నాయి! షిరనామికి మూడే గోళ్ళని ఆరేళ్ళుగా దేశంలో బడికెళ్ళే పిల్లలందరికీ తెలుసు. కథా, డ్రాగన్ మొహమూ హయాసె గురువుగారివి. కాళ్ళు మాత్రం ఇజుమివి. ఆ కాళ్ళు చేతికి రావడానికి ఆమె ఐదేళ్ళు ఉత్త మబ్బులే గీసింది. అంతకుముందు కాళ్ళు గీసినతను ఒక్క గోరు వంకర గీసిన పాపానికి సాయంత్రానికల్లా పెట్టే బేడా సర్దుకున్నాడు.

'అయిపోయింది నా పని' అనుకుంది. ఇంటికి పరుగెత్తి నల్ల సూటు తొడుక్కుంది. మిఠాయి కొట్టుకెళ్ళింది. క్షమాపణకి వెళ్తే తప్పు ఎంత పెద్దదో పెట్టె అంత బరువుండాలి మరి. కొట్లో ఆవిడ ఆ సూటూ, ఆ మొహమూ చూసి, అడక్కుండానే అన్నిటికన్నా పెద్ద హల్వా పెట్టె తీసిచ్చింది.

స్టూడియోలో అడుగు పెడుతూనే చాపకి నుదురు ఆనించింది. "గురువుగారూ, క్షమించండి. మీకు మొహం చూపించలేను." ఫలానా తప్పని చెప్పలేదు. అలాంటివి నోరు విప్పి చెప్పే అలవాటు అక్కడ ఎవరికుంది? వంగడమే.

హయాసె చేతిలోంచి కలం జారింది. నల్ల సూటు, బరువైన పెట్టె. కొలువుకి సెలవు చెప్పేవాళ్ళ వాలకమూ అదే. రాజీనామా!

"గురువారం అరిచానని వెళ్ళిపోతావా ఇజుమీ? నువ్వెళ్తే నా డ్రాగన్‌కి కాళ్ళెవరు గీస్తారు? తప్పంతా నాదేనమ్మా!" అంటూ ఆయనా వంగాడు.

ఇజుమికి ముచ్చెమటలు పోశాయి. ఆయన ఇంత మర్యాదగా ఎవర్నీ ఉద్యోగంలోంచి పంపించలేదు. ఇంకా కిందికి వంగింది. ఆయన ఇంకా కిందికి.

అంతలో తలుపు తెరుచుకుంది. పత్రిక సంపాదకుడు నుకాగ. నల్ల సూటు. ఇజుమి తెచ్చినదానికన్నా పెద్ద పెట్టె.

"గురువుగారూ, అచ్చుకి పంపేముందు నేను సరిగ్గా చూసుకోవలసింది. అంతా నావల్లే!" అంటూ అతనూ చాప మీద పడ్డాడు.

చాప మీంచే అడిగాడు హయాసె. "ఏమిటి... నా కథ ఆపేస్తున్నారా?"

"అయ్యో, అంతదాకా వచ్చిందా?" అని ఇంకా వంగాడు నుకాగ.

ఫోను మోగింది. ముగ్గురూ తలెత్తలేదు. తొమ్మిదోసారి మోగాక హయాసె పాకుతూ వెళ్ళి తీశాడు.

"పొద్దుట్నించీ పిల్లలు ఫోన్ల మీద ఫోన్లండీ!" పత్రిక పెద్దాయన గొంతు గదంతా వినిపించింది. "ఆ నాలుగో గోరు రహస్యమేమిటో చెప్పమని చంపుతున్నారు. ఏం తలండీ మీది!"

హయాసె పత్రిక తెరిచాడు. లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు.

"ఆ... అది మొదటి వారం నుంచీ అనుకున్నదే" అన్నాడాయన గంభీరంగా.

ఫోను పెట్టేసి ఇజుమి వైపు తిరిగాడు. "ఇకమీదట నాలుగు. నువ్వే గీయాలి."

ఇజుమికి పోయిన ప్రాణం లేచొచ్చింది. బావురుమంది. నుకాగ తనే లేచి టీ పెట్టాడు. ఆమె కళ్ళు తుడుచుకుని, పెట్టె విప్పి, హల్వా కోయడానికి కత్తి తీసింది. టీ చల్లారేలోపు పత్రిక తిరగేస్తున్న నుకాగ ఠక్కున ఆగిపోయాడు.

"గురువుగారూ... వెనక కాలికి ఐదున్నాయండీ."

ఇజుమి కత్తి పక్కన పెట్టి, పెట్టెకి మళ్ళీ కాగితం చుట్టడం మొదలుపెట్టింది.