పాలు కాచిన ఘనుడు

నవ్వితే నవ్వండి గానీ, పూర్తిగా విని నవ్వండి.

మా పాప నెలలు నిండకుండా పుట్టింది. ఆస్పత్రి అద్దాలపెట్టెలోంచి ఇంటికొచ్చేసరికి గుప్పెడంతే ఉంది. అందుకే గుప్పెడమ్మ అంటాం. డబ్బాపాలు పడవు, కక్కేస్తుంది. బరువు పెరగకపోతే మళ్ళీ పెట్టెలోకే అన్నాడు డాక్టరు. మా ఆవిడకి పాలు అంతంతమాత్రం. పంపుతో పిండి సీసాల్లో దాస్తుంది.

సెలవు అయిపోయి ఆఫీసుకి బయల్దేరుతూ చెప్పింది.

“ఫ్రిజ్‌లో పాప పాలున్నాయి. మా అమ్మ చూసుకోకుండా టీలో పోసేయగలదు. కాచుకోండి.”

“ఓస్, అంతేనా!” అన్నాను.

అత్తగారు డాబా మీద బట్టలారేస్తుంటే నా బుర్రలో పథకం మొలిచింది. పాప లేచినప్పుడల్లా ఒక్కో సీసా వెచ్చబెట్టడమెందుకు? కనబడ్డ సీసాలన్నీ గిన్నెలో వంచేసి కాచాను. పొంగించి మరీ కాచాను. ఫ్లాస్కులో పోసి కాళ్ళు చాపుకుని కూర్చున్నాను.

మధ్యాహ్నం మా ఆవిడ ఆఫీసునుంచి పరుగున వచ్చింది.

“పాలు కాచారా?”

“ఒకటికి రెండుసార్లు.”

“అమ్మ ముట్టుకోలేదుగా?”

“గిన్నె దగ్గరికే రానివ్వలేదు.”

“గిన్నేమిటి?”

చెప్పాను. ఆవిడ మొహం పాలిపోయింది.

“కాపలా కాయమన్నానండీ! మరిగిస్తే సత్తువేం మిగుల్తుంది? పైగా పొద్దుట్నించీ ఫ్లాస్కులోనా? చల్లగా ఉంటే క్రిములు పడుకుంటాయి, వెచ్చగా ఉంటే కాపురం పెడతాయి. తాగించారా?”

“పట్టబోయాను. మూతి తిప్పేసుకుంది.”

“బతికిపోయింది.”

ఫ్లాస్కు సింకులో బోర్లించింది. పాప ఏడుపందుకుంది. గట్టిగా ఏడ్చే ఓపిక కూడా లేని ఏడుపు. ఆవిడ దగ్గర ఇక చుక్క లేదు, ఉన్నదంతా పొద్దున్నే పిండేసింది. నాకు నిజంగా భయమేసింది.

అత్తగారు ఫ్రిజ్ తెరిచి, కూరగాయల వెనకనుంచి ఒక సీసా తీశారు.

“ముందే దాచాను.”

“ఎందుకండీ?”

“అమ్మాయి నాకూ చెప్పింది బాబూ, ‘ఆయన్ని కాచుకో అమ్మా’ అని.”

మా ఆవిడ మగ్గులో వేడినీళ్ళు పోసి సీసా నిలబెట్టింది. మణికట్టు మీద చుక్క వేసి చూసుకుని, పాపకి పట్టింది. పాప మింగుతున్న చప్పుడు వినబడ్డాకే నాకు ఊపిరాడింది. సిగ్గులేకుండా ఏడ్చేశాను.

ఆవిడ నా వంక చూసింది.

“అమ్మా, ఆయనకి మంచినీళ్ళివ్వు. స్టవ్ దగ్గరికి మాత్రం పోనివ్వకు.”