పార్వతమ్మ పుట్టిల్లు

"అత్తమ్మ మళ్ల ఆకు వేసింది. మళ్ల అర్ధగంట ఆగాలె," అంది సుమిత్ర.

"నువ్వే ఇచ్చి ఉంటవు," అన్నాడు రాజేశ్వర్.

"నేనియ్యలే. ఆమె దిండు కింద దుకాణమే ఉన్నది."

పొద్దుటి నుంచి ఇది మూడో అర్ధగంట. డీఎన్ఏ పరీక్ష గొట్టంలో గీత దాకా ఉమ్మి నింపాలి. అంతకు ముందు అరగంట నోట్లో ఏమీ పడకూడదు. మంచం మీది పార్వతమ్మ మాత్రం కొడుకు గడియారం చూసుకునేలోపే తమలపాకు చుట్టి బుగ్గన పెడుతోంది.

రాజేశ్వర్ ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో ఫిట్టర్. ఏ బోల్టు ఏ షెడ్డులో పుట్టిందో నంబరు చూసి చెప్పగలడు. తల్లి ఏ ఊళ్లో పుట్టిందో చెప్పలేడు. ఆమెకే తెలియదు. నాలుగేళ్లప్పుడు, చెరకు కొట్టే కూలీల బండి దిగి చిరాగ్‌పల్లి దగ్గర తప్పిపోయిన పిల్ల ఆమె. తల్లి పుట్టిల్లు మేనమామకు తెలియదా అంటారు. రాజేశ్వర్‌కు అడగడానికి మేనమామ కూడా లేడు.

ఇప్పుడు దవాఖానవాళ్లు ఆమెను ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఆడమనిషి పోతే పుట్టింటివాళ్లు చీర తెచ్చి కప్పాలి. ఆ చీర ఎవరు తెస్తారన్న ఫికరు పట్టుకున్నాక రాజేశ్వర్‌కు అన్నం సహించడం లేదు.

"ఉమ్మిల అంతా రాసి ఉంటదట. పూర్వపోళ్లు ఎక్కడెక్కడ తిరిగిన్రో చెప్తరు," అంటూ తల్లి ముందు మామిడికాయ తొక్కు జాడీ పట్టుకున్నాడు. అతని నోరూరింది. ఆమెది ఊరలేదు.

"ఉమ్మమంటే ఎట్ల ఉమ్ముతది? ఈ ఇంటికొచ్చి అన్నీ మింగుడే నేర్చుకున్నది," అంది సుమిత్ర.

రాజేశ్వర్ జాడీకి మూత పెట్టేశాడు.

సాయంత్రానికి ఎలాగో గొట్టం నిండింది. ఆరు వారాలకు ఫోన్లో రిపోర్టు వచ్చింది. అప్పటికి పార్వతమ్మ ఆకు నమలడం మానేసింది.

మంచం చుట్టూ అందరినీ కూర్చోబెట్టి చదివాడు. "అమ్మ తల్లి తరఫోళ్లు వేల ఏండ్ల కింద ఆఫ్రికాకెల్లి బయల్దేరిన్రంట. సముద్రం ఒడ్డుపొంటి నడుచుకుంట వచ్చి ఈ దేశమంతా చెదిరిన్రంట."

"ఊరు పేరు?" అంది సుమిత్ర.

"ఊరు లేదు."

కూతురు శిల్ప ఫోన్ అందుకుని చూసింది. "నాన్నా, ఎవరిది చేయించినా ఇట్లనే వస్తది. అందరం ఆడికెల్లి వచ్చినోళ్లమే."

"మరి వాళ్లు చీర తేనీకి ఏ బస్సెక్కుతరు?" అంది సుమిత్ర.

"గప్పుడు చీరల్లేవే," అన్నాడు రాజేశ్వర్ నీరసంగా.

పార్వతమ్మ కళ్లు తెరిచింది. "చీర వచ్చింది. బీరువాల ఉన్నది."

"ఎవరు తెచ్చిన్రమ్మా?"

"సుమిత్ర తమ్ముడు. న్యాల్‌కల్ల ఉండే గిరీశ్. నువ్వు గా గొట్టం పోస్టుల వేసిన దినమే పిలిపించుకొని అడిగిన. ఆకుపచ్చది. రంగు నేనే చెప్పిన."

రాజేశ్వర్ భార్య వైపు తిరిగాడు. "నాకు చెప్పలే?"

"మీరు ఫోన్ల నుంచి తలెత్తితే గద," అంది సుమిత్ర.

పార్వతమ్మ ఒక్కొక్కరినే చూసింది. "న్యాల్‌కలే నా పుట్టిల్లు. గిరీశే కప్పుతడు," అంది మెల్లగా. "ఇగ దేవులాడకు కొడుకా."