ముగ్గురు సన్యాసులు, నిన్నటి పులుసు

ఆ శుక్రవారం ఉదయం బుల్లమ్మ వేసుకున్న పథకం చిన్నదే. రాత్రి వండిన వంజరం పులుసుతో మొగుడు ఎర్రన్నకు అన్నం పెట్టి, ఎండుచేపలు ఏరుకోవడం. చేపల పులుసు మర్నాటికే రుచి అని ఆ సముద్రపు ఒడ్డున పసిపిల్లలకు కూడా తెలుసు. తన పులుసుకు వీధిలో పోటీ లేదని బుల్లమ్మే చెప్పుకునేది. ఎవరూ కాదనేవారు కాదు.

ఎనిమిదింటికి కూతురు అనూరాధ ఎచ్చెర్ల యూనివర్సిటీ నుంచి ఫోన్ చేసింది. అక్కడి సభకు వచ్చిన ముగ్గురు సన్యాసులు సముద్రం చూడ్డానికి వస్తున్నారనీ, భోజనం మనింట్లోనేననీ చెప్పింది. ఒకరు కాషాయం కట్టిన స్వామీజీ, ఒకరు బౌద్ధ భిక్షువు, ఒకరు క్యాథలిక్ మఠంలో ఉండే బ్రదర్.

"పన్నెండు దాటితే భిక్షువుగారు ఏటీ తినరమ్మా. ఆలస్యం సెయ్యకు," అని పెట్టేసింది.

బుల్లమ్మ పొంగిపోయింది. తన గడప తొక్కిన మనిషి ఖాళీ కడుపుతో వెళ్లిన రోజు లేదు. ఆ పేరు ఇవాళా నిలబడాలి. సంసారమే వదిలేసినవాళ్లు చేపలు ముట్టుకుంటారా అనుకుని, పులుసు దాకను పెరట్లో గంప కింద దాచేసి సాంబారు పెట్టింది, జీవితంలో నాలుగోసారి.

అయినా ఇంట్లో నీచు వాసన పోలేదు. సాంబ్రాణి వెయ్యమని మొగుడికి పురమాయించింది. ఎర్రన్న ఏ పనైనా నిండుగా చేసే మనిషి. పొట్లమంతా నిప్పుల మీద కుమ్మరించాడు. కిటికీలోంచి వస్తున్న పొగ చూసి పక్కింటి లక్ష్మణమ్మ ఇల్లంటుకుందని కేక పెట్టింది. వీధి వీధంతా బిందెలతో వచ్చిపడి వంటింటినిండా నీళ్లు కుమ్మరించింది. మూత ఉంది కాబట్టి అన్నం బతికింది. సాంబారుకు మూత లేదు.

పొగ తేలిపోయేసరికి గుమ్మంలో అనూరాధ, ఆమె వెనక ముగ్గురు అతిథులు. గడియారం పదకొండూ నలభై చూపిస్తోంది.

బుల్లమ్మకు ఏడుపొచ్చింది. "సాంబారు పోనాది బాబూ. ఇంక కూరంటే నిన్నటి సేపల పులుసే ఉన్నాది. మీకది ఎలాగ పెట్టీది?"

భిక్షువు నెమ్మదిగా అడిగాడు. "ఆ చేప మా కోసం పట్టారా తల్లీ?"

"మీరొస్తారని తెలిస్తే గదా. మా ఇంటాయన కోసం రేతిరి వండినాను."

"అయితే పెట్టవచ్చు," అని ఆయన పాత్ర చాపాడు. తన కోసం చంపింది కాకపోతే, పాత్రలో పడింది కాదనకుండా తినడం ఆయన నియమం. బ్రదర్ నవ్వాడు. శుక్రవారం ఆయన మానేసేది మాంసమే, చేప కాదు. స్వామీజీ మాత్రం చేప ముట్టలేదు. కుండలో ఉన్న చోడి అంబలి అడిగి మరీ రెండు చెంబులు తాగాడు.

పన్నెండుకు ఇంకా అయిదు నిమిషాలుండగా దాక ఖాళీ అయింది.

సాయంత్రం బుల్లమ్మ వీధిలో నిలబడి అందరికీ వినబడేలా చెప్పింది. "అన్నీ ఇడిసేసిన మనుషులర్రా. నా పులుసు ఇడవలేకపోనారు." ఆ గర్వం ఆవిడ కష్టార్జితం. లక్ష్మణమ్మ కూడా అవునంది.

ఎర్రన్న ఆ పూట నీళ్ల సాంబారు తిన్నాడు.