టెస్టు పాసైంది

మధ్యాహ్నం భోజనానికల్లా ఇంటికి చేరాలని ఇంజనీరు పొద్దున్నే అనుకున్నాడు. బావమరిది పెళ్ళి దగ్గరపడింది. అత్తగారితో వెళ్ళి పెళ్ళి హాలు చూసి రావాలి. ఆ హాలు బుక్ చేసింది అతని కంపెనీ యాప్‌లోనే. పెళ్ళి హాళ్ళు బుక్ చేసిపెట్టడమే ఆ కంపెనీ పని.

ఇన్నాళ్ళూ ప్రోగ్రాములో ఏ మార్పు చేసినా, దాన్ని సరంజామాతో సహా కంటైనర్ ఇమేజ్ అనే మూటగా కట్టి, పరీక్షించి, సర్వరు మీదికి ఎక్కించడం అతని చాకిరీ. ఇక ఆ మూడూ వాటంతట అవే జరిగేలా ఏర్పాటు చేశాడు. మొదటి మార్పు పంపాడు. పరీక్షలన్నిటికీ పచ్చ టిక్కులు పడ్డాయి. అతను సంచీ సర్దుకున్నాడు.

ఫోను మోగింది.

"బాబూ, మన హాలు రద్దయిందని మెసేజ్ వచ్చింది" అన్నారు అత్తగారు. "మీ కంపెనీ నుంచే."

అతను సంచీ దింపి, పరీక్షలు తెరిచి చూశాడు. రద్దు మెసేజ్ సరిగా వెళుతోందో లేదో చూసే పరీక్ష ఒకటుంది. దానికి ఉత్తుత్తి నంబర్లు ఇవ్వాల్సింది పోయి, తొందరలో అసలు ఖాతాదారుల జాబితా ఇచ్చేశాడు.

"పొరపాటండీ. హాలు ఎక్కడికీ పోలేదు."

ముందు జనాన్ని ఊరుకోబెడదామని, ఆ మెసేజ్ నమ్మవద్దంటూ యాప్‌లో ఒక ప్రకటన చేర్చి పంపాడు. అదీ మార్పే కదా. యంత్రం బుద్ధిగా మూట కట్టింది, పరీక్షించింది, అందరికీ మళ్ళీ రద్దు మెసేజ్ పంపింది.

"బాబూ, మళ్ళీ వచ్చింది."

ఈసారి జాబితా తీసేసి పంపాడు. కొత్త మూట కట్టడం దండగనుకుందో ఏమో, యంత్రం దాచుకున్న, ఆ జాబితా ఉన్న పాత మూటతోనే పరీక్ష నడిపి, మళ్ళీ మెసేజ్ పంపింది. దిక్కుతోచక సర్వరే ఆపేశాడు. సర్వరు పడిపోయిందని గమనించిన యంత్రం, తనకు నేర్పినట్టే, అంతా మళ్ళీ మొదటి నుంచి చేసుకొచ్చింది. చివరికి మెసేజ్‌లు పంపే సర్వీసునే మూయించాక గాని అది నోరు మూసుకోలేదు.

"ఇన్నిసార్లు చెబుతుంటే నమ్మకుండా ఎలా ఉంటాం బాబూ?" అన్నారు అత్తగారు. "ఆ హాలు వదిలేసి వేరేది మాట్లాడుకున్నాం."

"అయ్యో, అది మనదేనండీ."

"ఇప్పుడు కాదు. ఇంకెవరో తీసేసుకున్నారు."

అంతలో మేనేజరు పిలిచాడు. ఉద్యోగం ఊడినట్టేనని ఇంజనీరు తలవంచుకుని వెళ్ళాడు.

"ఒక్క పూటలో ఇన్ని బుకింగులు ఎప్పుడూ చూడలేదయ్యా" అన్నాడు మేనేజరు. "హడలిపోయిన వాళ్ళంతా వేరే హాలు కోసం మళ్ళీ మన యాప్‌కే వచ్చారు."

"సార్, అది నా తప్పు."

"నాకు తెలుసు. పైవాళ్ళకి తెలీదు. నీకు ప్రమోషన్ ఇమ్మంటున్నారు. మీ ఇంట్లో పెళ్ళి ఉందటగా, సెలవు తీసుకో."

ఇంటికి వెళ్ళేసరికి భార్య వాకిట్లోనే నిలబడి ఉంది. అతను ప్రమోషన్ సంగతీ, సెలవు సంగతీ చెప్పాడు. ఆమె ముఖంలో ఏ మార్పూ లేదు.

"కొత్త హాలు చిన్నదట" అంది. "జనాన్ని తగ్గించాల్సొచ్చింది. అమ్మ మీతోనే మొదలుపెట్టింది."