యథాతథంగా పళ్ళ డాక్టరు

నాలుగు రోడ్లు కలిసేచోట నాగరికత పుడుతుందనీ, ఆ రోడ్లను వెడల్పు చేసేటప్పుడు అది పోతుందనీ పెద్దలెవరూ చెప్పలేదు. చెప్పవలసింది. చెప్పి ఉంటే నగరపాలనవారు ఆ పుట్టుకకీ చావుకీ మధ్య ఒక కమిటీ వేసి ఉండేవారు. (తరవాత వేశారు. అది వేరే కథ అనుకోకండి, ఇదే ఆ కథ.)

అలాంటి ఒక కూడలిలో, మూలమీది పాత మేడలో, పై అంతస్తులో పళ్ళ డాక్టరు క్లినిక్ ఉంది. గుండ్రటి బాల్కనీ, రంగుటద్దాల కిటికీ, చెక్క మెట్లు. అక్కడే ఈయన తండ్రి ఊరివాళ్ళకి పళ్ళు పీకాడు, అక్కడే ఈయన వాళ్ళకి పళ్ళు కట్టాడు. ఆ ఊళ్ళో ఎవరు నవ్వినా అందులో ఆ గదికి కాస్త వాటా ఉంటుంది. బయట బల్ల దగ్గర డాక్టరుగారి భార్య కూర్చుని, నొప్పి తీవ్రతను బట్టి కాకుండా మూలుగు తీవ్రతను బట్టి మనుషుల్ని లోపలికి పంపేది.

మెట్లలో ఒకటి పుచ్చిపోయింది. పంటికి పుచ్చు పడితే ఆయన చూసుకోగలడు. మెట్టుకు పడితే వారసత్వ కట్టడాల విభాగమే చూడాలి. అర్జీ పెట్టాడు. ఏడాది తిరిగాక జవాబొచ్చింది: "సదరు మెట్టుకు పట్టిన పుచ్చు సైతం కట్టడం వయసుదే అయినందున, దానిని కదిలించుట చరిత్రకు భంగకరం."

అప్పట్నించీ బుగ్గ వాచి మెట్లెక్కేవాళ్ళకి ఆవిడ పైనుంచి కేకేసేది: "బాబాయిగారూ, ఆ మెట్టు మీద కాలెయ్యకండి, అది చరిత్ర!"

ఇలా ఉండగా, సరిగ్గా అదే మూలమీద నలభై అంతస్తుల భవనం కడతామని ఒక బిల్డరు దరఖాస్తు పెట్టుకున్నాడు. పళ్ళ డాక్టరు ధీమాగా నవ్వాడు.

"చెక్కముక్క మార్చడానికే ఒప్పుకోనివాళ్ళు నలభై అంతస్తులకి ఒప్పుకుంటారటే?"

"చెక్కముక్క వెనకాల ఎవరున్నారు? మీరు," అంది భార్య, డబ్బాలో దూది ఉండలు సర్దుతూ. "మీ మాట మీ ముందు పళ్ళే వినవు."

ఆవిడ అన్నంతా అయింది. అభ్యంతరాలు విన్నవించుకోమని డాక్టరుకి పిలుపొచ్చింది. వెళ్ళాడు. అక్కడ కమిటీ తరఫున సమతుల్యతాధికారి ఉన్నాడు. పాతకీ కొత్తకీ మధ్య తూకం తప్పకుండా చూడటం ఆయన పని. రెండు కుర్చీలు వేస్తే రెండింటి మీదా సగం సగం కూర్చునేంత నిష్పక్షపాతి.

"వారసత్వం పన్నెండు మీటర్ల ఎత్తు దాకానే ఉంటుందండీ," అన్నాడాయన మర్యాదగా. "ఆపైన ఉండేది గాలి. గాలిలో ఎవరేం కట్టుకున్నా మనకు అభ్యంతరం లేదు. మీ మెట్టు దురదృష్టవశాత్తూ నేలకి దగ్గరగా ఉంది."

"మరి ఆ నలభై అంతస్తులూ గాల్లోంచి కిందికి దిగవా సార్?"

"దిగుతాయి. వినయంగా దిగుతాయి. మీ ముందు గోడని అలాగే ఉంచి, వెనకాల ఉన్నది మాత్రం తీసేస్తారు."

"వెనకాల ఉన్నది మేమండీ."

అధికారి ఆ మాటను శ్రద్ధగా రాసుకున్నాడు. డాక్టరు అభ్యంతరాన్ని సంబంధిత శాఖకి పంపాడు కూడా. వృత్తి అన్నచోట 'పన్ను డాక్టరు' అని ఉండటం వల్ల అది పన్నుల శాఖకి చేరింది. వాళ్ళు క్షుణ్ణంగా పరిశీలించి, ఈయన పన్నులన్నీ సక్రమంగానే ఉన్నాయని ధ్రువీకరించారు. దాంతో అభ్యంతరం పరిష్కారమైనట్టు లెక్క.

ఆ రోజుల్లో పళ్ళ డాక్టరుకి నిద్ర పట్టేది కాదు. పళ్ళు నూరుకునేవాడు. (పేషెంట్లకి వద్దని చెప్పే పని అదే.) తండ్రి చేతి పనిముట్లు ఇంకా ఆ గది అలమరలోనే ఉన్నాయి. ఒకప్పుడు ఆ కిటికీ పక్కన నిలబడే, పళ్ళ డాక్టరు పరీక్ష పాసైన సంగతి తండ్రికి చెప్పాడు. ఇవేవీ మీటర్లలో కొలిచేవి కావు గనక ఎవరికీ చెప్పలేదు.

దేవుడున్నాడు. ఒక్కోసారి దవడ పంటిలో ఉంటాడు. కూడలిని తనిఖీ చెయ్యడానికి వచ్చిన సమతుల్యతాధికారి, బిల్డరు ఇచ్చిన చల్లటి సోడా ఒక్క గుక్క తాగి, రెండు చేతులతో చెంప పట్టుకుని ఆ మెట్లే ఎక్కాడు.

"సార్, ఆ మెట్టు దాటండి!" అని భార్య అరిచేలోపు కాలు దిగబడింది. బూటు చరిత్రలోనే ఉండిపోయింది. మనిషి ఒంటి బూటుతో వచ్చి కుర్చీలో పడ్డాడు.

పళ్ళ డాక్టరు మంచివాడు. మత్తు ఇంజెక్షన్ పొదుపు చెయ్యలేదు. పన్ను శుభ్రం చేసి, చుట్టూ దూది పెట్టి, నోరు బార్లా తెరిపించి, చేతిలో అద్దం పట్టుకుని అప్పుడడిగాడు.

"సార్, మా క్లినిక్ ఇక్కడే ఉంటుందా?"

"ఆ," అన్నాడు అధికారి. ఆ స్థితిలో మనిషి అనగలిగింది అదొక్కటే.

"ఈ కుర్చీ, కిటికీ, బయట బోర్డు?"

"ఆ."

"నేనూ?"

"ఆ... ఆ!" (ఇక్కడ పరికరం కొంచెం లోతుగా తగిలింది.)

"నేను సాక్షిని," అంది భార్య గుమ్మంలోంచి.

అధికారి లేచాక కాదనలేదు. పెదాలు మొద్దుబారి కాదనలేకపోయాడని కొందరంటారు గానీ అది అన్యాయం. ఆయన నిబంధనల మనిషి. నోటితో ఇచ్చిన అనుమతి మౌఖిక అనుమతే. నోట్లో దూది ఉందా లేదా అన్న ప్రస్తావన నిబంధనల్లో ఎక్కడా లేదు. వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది: క్లినిక్‌ను, డాక్టరుతో సహా, యథాతథంగా ఉంచవలెను.

భార్య ఆ రోజు పేషెంట్లందరికీ చాక్లెట్లు పంచింది. డాక్టరు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

తరవాత వెనకాల తవ్వారు. ముందు గోడకి ఇనప దూలాలు ఆనించి, క్లినిక్‌ని ఆ గోడకి పిచ్చుక గూడులా అంటిపెట్టి, మిగతాదంతా లేపేశారు. గూడు వెనక నలభై అంతస్తులు లేచాయి. మాట అంటే మాట. కుర్చీ ఉంది, కిటికీ ఉంది, బోర్డుంది, బూటు ఉన్న మెట్టు కూడా ఉంది. బల్ల దగ్గర భార్య ఉంది.

నీళ్ళ కనెక్షన్ మాత్రం లేదు. పాత గోడకి తేమ పనికిరాదు. డ్రిల్లు తిప్పకూడదు, గోడ అదురుతుంది. మత్తు మందు వాసనకి రంగుటద్దాలు పాడవుతాయని అదీ ఆపారు. పదింటినుంచి ఆరింటిదాకా తెల్లకోటు వేసుకుని, చేతిలో అద్దం పట్టుకుని కూర్చోవడానికి ఎలాంటి ఆంక్షా లేదు. చూడటానికి వచ్చేవాళ్ళు టిక్కెట్టు కొనుక్కుని, గదికి అడ్డంగా కట్టిన తాడు అవతల నిలబడి ఫోటోలు తీసుకునేవారు.

ఒకరోజు పాత పేషెంటు ఒకావిడ నిజంగానే పంటి నొప్పితో వచ్చింది. తాడు దాటబోతే కాపలావాడు ఆపాడు.

"డాక్టరుగారూ, ఒక్కసారి చూడండి బాబూ, ప్రాణం పోతోంది!"

ఆయన కుర్చీలోంచి సగం లేచాడు. మళ్ళీ కూర్చున్నాడు. "వెనకాల లిఫ్టెక్కమ్మా. పంతొమ్మిదో అంతస్తులో పెద్ద పళ్ళాసుపత్రి పెట్టారు," అన్నాడు. ఆవిడ చెంప పట్టుకుని అలాగే చూసి వెళ్ళింది. ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు.

మర్నాడే అర్జీ రాశాడు. తనకు ఈ క్లినిక్ వద్దు, వదిలేసి పోతానన్నాడు. విభాగం జవాబు ఈసారి తొందరగానే ఇచ్చింది: "వారసత్వ సంపదకు రాజీనామా చేయు హక్కు లేదు. శిథిలావస్థకు చేరినట్లు తేలినచో పరిశీలించబడును."

తేల్చడానికి సమతుల్యతాధికారి స్వయంగా వచ్చాడు. డాక్టరుని నిలబెట్టి, చుట్టూ తిరిగి, వీపు మీద రెండుచోట్ల వేళ్ళతో తట్టి చెవి ఆనించి విన్నాడు. నోరు తెరవమని టార్చి వేసి చూశాడు.

"నిర్మాణం దృఢంగా ఉంది," అన్నాడు మెచ్చుకోలుగా. "ఇంకో ఇరవై ఏళ్ళకి ఢోకా లేదు."

తరవాత బల్ల వైపు తిరిగాడు. "ఈవిడ మొదటినుంచీ ఉన్నారా?"

"పెళ్ళయ్యాక వచ్చిందండీ," అన్నాడు డాక్టరు.

"అయితే తరవాత చేర్చిన భాగం. తొలగించుకోవచ్చు. అనుమతి కూడా అక్కర్లేదు."

ఆవిడ లేచింది. టిఫిన్ డబ్బా సంచీలో పెట్టుకుంది. డాక్టరు కోటు కాలరు ఒకసారి సరిచేసింది. తాడెత్తి అవతలికి దాటి, టిక్కెట్టు కౌంటరు దగ్గర లైన్లో నిలబడింది, మొగుణ్ణి చూడటానికి.