ఇంట్లోనే ఇంకు నింపుకోవడం వల్ల కలిగే మేళ్లు

సంసారం చక్కబడాలంటే ప్రింటర్‌లో ఇంకు ఇంట్లోనే నింపుకోవాలి. నవ్వకండి. కొందరు యోగా చేయమంటారు, కొందరు టూర్లకు వెళ్లమంటారు, పెద్దవాళ్లు సర్దుకుపొమ్మంటారు. వాటన్నిటికంటే ఒక సిరంజి, ఒక నల్ల ఇంకు సీసా ఎక్కువ పనిచేస్తాయి. కావాలంటే ఈ ల్యాబ్ టెక్నీషియన్ సంగతి వినండి.

ఆయన పని రక్తం తీయడం. పరగడుపున వచ్చినవాళ్ల చేతికి పట్టీ బిగించి, నరం వెతికి, వాళ్లు మొహం అటు తిప్పుకుని 'అబ్బా' అనేలోపే ముగిస్తాడు. బావమరిది ఆయన్ని 'సూది బావ' అంటాడు. ఆ బిరుదంటే ఆయనకు లోలోపల ఇష్టమే.

ఆయన భార్య పగలు పోస్టాఫీసు కౌంటర్లో కూర్చుంటుంది, తీరిక దొరికితే నాటకాలు రాస్తుంది. ఇన్నాళ్లకు ఆవిడ నాటకం ఒకటి వేస్తామని స్టాఫ్ క్లబ్బు వాళ్లు ఒప్పుకున్నారు. ఆదివారం సాయంత్రం ఇంట్లోనే మొదటి రిహార్సల్. మధ్యాహ్నం కాపీలు తీయబోతే, ప్రింటర్ ఒక్క పేజీ ఇచ్చి నల్ల ఇంకు అయిపోయిందంది.

"వీధి చివర జిరాక్స్ షాపుకెళ్లొస్తా," అని ఆమె చెప్పులు వేసుకుంది.

"నేనుండగా షాపెందుకు?" అన్నాడాయన. ఆ మాటతో ఆదివారం కాస్తా హరించుకుపోయింది, ఆ సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు.

ఆలోచిస్తే ఆయన వాదన సబబే. కొత్త కార్ట్రిడ్జ్ ధరకు ఇంకాస్త కలిపితే కొత్త ప్రింటరే వస్తుంది. అదీగాక, ఇన్నేళ్లూ సూదితో తీసినవాడికి సూదితో ఎక్కించడం ఓ లెక్కా? ఎప్పుడో కొనిపెట్టిన ఇంకు సీసా, ఓ కొత్త సిరంజి బయటికి తీసి, డైనింగ్ టేబుల్ మీద పాత పేపర్లు పరిచాడు. గ్లవ్స్ తొడిగాడు. కార్ట్రిడ్జ్ మీది స్టిక్కర్ ఒలిచి, కింద కనిపించిన బెజ్జంలోకి సూది దించాడు. అలవాటు కొద్దీ "పిడికిలి బిగించండి" అన్నాడు కూడా.

కార్ట్రిడ్జ్ లోపల ఉండేది ఓ స్పాంజి ముక్క. అది నెమ్మదిగా తాగుతుంది, తొందరపెడితే కక్కుతుంది. కక్కింది. "దూది పెట్టి గట్టిగా నొక్కు," అని భార్యకు పురమాయించి, గ్లవ్స్ ఉన్నాయన్న ధీమాతో చెవి గోక్కున్నాడు. కాసేపట్లో టేబుల్ క్లాత్, సింకు, ఫ్రిజ్ హ్యాండిల్, ఆయన చెవి, అన్నీ నల్లబడ్డాయి. నల్లబడాల్సిన కాగితం ఒక్కటే తెల్లగా మిగిలింది.

ఎందుకంటే ప్రింటర్ కాసేపు గుర్రుమని, ఇది మా కంపెనీ కార్ట్రిడ్జ్ కాదు, పనిచేయను పొమ్మంది. డబ్బు పెట్టి కొన్నది మనం, ఉండేది మన ఇంట్లో, తినేది మన కరెంటు, ప్రేమ మాత్రం పుట్టింటి మీద. వీడియో ఒకటి చూసి, ఏదో బటన్ అదిమిపట్టి, ఆయన దాని అలకా తీర్చాడు. అప్పుడు అక్షరాలు చారలు చారలుగా వచ్చాయి. శుభ్రం చేసుకోమని ఆజ్ఞ ఇస్తే, అది పోసిన ఇంకులో సగం తానే తాగేసి శుభ్రపడింది. మళ్లీ నింపాడు. మళ్లీ శుభ్రపడింది.

"ఏవండీ, రిహార్సల్‌కి తమ్ముడు వచ్చేస్తాడు."

"ఇదిగో, అయిపోయింది."

అన్నట్టుగానే చివరికి ఓ పేజీ నల్లగా, నిండుగా బయటికొచ్చింది. ఆయన దాన్ని రిపోర్టు చూసినట్టు వెలుతురుకు పట్టి చూశాడు. పైన, 'భర్త అక్కడే కూర్చుని ఉంటాడు' అని ఉంది. కింద 'భార్య' అని పెట్టి, ఆవిడ ఆఫీసు గొడవ చెప్పే మాటలు. దాని కింద మళ్లీ 'భార్య'. ఆ కిందా 'భార్యే'.

"ఇంకా తేడా ఉంది," అని పెదవి విరిచాడు. "లైను విడిచి లైను వస్తోంది. అతని మాటలన్నీ ఎగిరిపోయాయి."

మరోసారి శుభ్రం చేయించి అదే పేజీ తీశాడు. మళ్లీ భార్యే.

"ఇంతకీ ఇక్కడ అతను ఏమంటాడు?"

"ఏమీ అనడు."

"ఈ పేజీలోనా?"

"నాటకం మొత్తంలో," అంది ఆమె, చేతికంటిన ఇంకు తుడుచుకుంటూ. "అతను స్క్రూడ్రైవర్ పట్టుకుని పాత రేడియో విప్పుతూ ఉంటాడు. ఆవిడ చెబుతూనే ఉంటుంది."

ఆయన సిరంజి పక్కన పెట్టి కూర్చున్నాడు. తన ఎదుట కూర్చున్నవాళ్లు మొహం తిప్పుకోవడం ఆయన రోజూ చూసేదే. ఇప్పుడు తన మొహం ఎటు తిప్పుకోవాలో తోచలేదు. ఆమె నెలల తరబడి ఇదే టేబుల్ దగ్గర రాసింది. కాస్త జరుగు, కంచం పెట్టుకోవాలి అన్నాడే తప్ప ఏం రాస్తున్నావని అడిగిన పాపాన పోలేదు.

"మొదటి నుంచి చదువు," అన్నాడు.

ఆమె కంప్యూటర్ తెర మీద చూస్తూ చదివింది. మధ్యలో ఆమె తమ్ముడు వచ్చాడు. నాటకంలో భర్త వేషం అతనిదే. "బావా, చెవికేమైంది?" అన్నాడు. అక్క చదువుతూనే ఉండేసరికి తనూ ఓ కుర్చీ లాక్కున్నాడు.

చదవడం అయ్యాక ఆయన గొంతు సవరించుకున్నాడు. "బాగుంది. కానీ చివర్లో అతను ఒక్క మాటైనా అనాలి కదా."

"ఏమనాలి?"

ఆయన తెర మీది చివరి లైను మళ్లీ చదివాడు. "'తర్వాత ఏమైంది' అంటే?"

ఆమె ఆ మాట టైపు చేసింది.

చూశారా, షాపులో కాపీలు తీయించి ఉంటే ఈ మాట నాటకంలోకి వచ్చేదా? అందుకే ఇంకు ఇంట్లోనే నింపుకోవాలి. భార్య ఏం చెబుతోందో మొగుడి బుర్రకెక్కడానికి మధ్యలో ఓ మిషన్ మొరాయించాలా అని మాత్రం అడక్కండి.

"ఇంతసేపు రేడియో విప్పితే ఒక్క డైలాగేనా అక్కా?" అని సణిగాడు తమ్ముడు.

"ముందు అది సరిగ్గా చెప్పు."

అతను చెప్పాడు. బాగా రాలేదు. మళ్లీ చెప్పాడు.

"అలా కాదు," అన్నాడు బావ కుర్చీలోంచి ముందుకు వంగి. "నిజంగా తెలుసుకోవాలని ఉన్నట్టు అడగాలి."

ఆమె కళ్లజోడు తీసి భర్త వంక చూసింది.

"మీరు ఒకసారి అడిగి చూపించండి," అంది.